పొడి మంచిదే... నీళ్ళే గట్టివి!

సెలవు నుంచి తిరిగొచ్చే మనవాళ్ళ సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఓ కాఫీ పొడి ప్యాకెట్ తప్పకుండా ఉంటుంది. తీరా ఇక్కడ ఫిల్టర్‌లో వేస్తే ఇంటి రుచి రాదు. పొడి పాతదని ఒకరంటారు, పాలపొడి వల్ల అని ఇంకొకరంటారు. చాలాసార్లు దోషం నీళ్ళది. డికాషన్‌లో తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే కదా!

మస్కట్‌లో సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇస్తారు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. నిజ్వా వైపు కొండలు సున్నపురాయివి. మా సైటుకు ట్యాంకర్‌లో వచ్చేవి బావినీళ్ళు. సబ్బు నురగ రాదు, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఈ రెండు గుర్తులుంటే అవి గట్టి నీళ్ళే. కాంక్రీటు కలిపే నీళ్ళకి మేం ల్యాబ్ రిపోర్టు అడుగుతాం. ఐఎస్ 456 ప్రకారం స్టీలున్న కాంక్రీటుకు క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కాఫీకి మాత్రం ఏ నీళ్ళయినా సరేననుకుంటాం!

కాఫీలో సహజంగా కొంచెం పులుపు ఉంటుంది. రుచికి ప్రాణం అదే. గట్టి నీళ్ళలోని బైకార్బొనేటు ఆ పులుపును చంపేస్తుంది. అందుకే చప్పగా, సుద్ద నాకినట్టు ఉంటుంది. నీళ్ళు మెత్తబడతాయని కొందరు వంటసోడా చిటికెడు వేస్తారు. వద్దు, సోడా కూడా బైకార్బొనేటే.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. తాగడానికి పనికొచ్చే నీళ్ళనే తీసుకుని రాత్రి స్టీలు గిన్నెలో పది నిమిషాలు బాగా మరగనివ్వాలి. వేడికి బైకార్బొనేటు విడిపోయి సున్నం అడుక్కి దిగుతుంది. మూతపెట్టి వదిలేసి, తెల్లారాక కదపకుండా పైనీళ్ళు వంచుకోవాలి. అడుగున అంగుళం నీళ్ళు పారబోయాలి. డ్యూటీ బస్సు తెల్లవారుజామునే వస్తుంది కాబట్టి రాత్రి పనే నయం.

అయితే మరగబెట్టడంతో అన్నీ పోవు. సల్ఫేట్ల వల్ల వచ్చిన గట్టిదనం అలాగే ఉంటుంది. ఉప్పు నీళ్ళయితే ఆవిరి పోయినకొద్దీ ఇంకా ఉప్పనవుతాయి. ఫ్లోరైడు కూడా అంతే, నల్లగొండ వైపు వాళ్ళకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటి చోట క్యాన్ నీళ్ళే దిక్కు.

క్యాన్ కొనేటప్పుడు లేబుల్ మీద టీడీఎస్ అంకె చూడండి. కాఫీకి లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే మేలు, 75 నుంచి 250 లోపు ఫరవాలేదు. మరీ తక్కువుంటే కూడా రుచి సరిగ్గా దిగదు, ఎందుకంటే కొంచెం కాల్షియం, మెగ్నీషియం ఉంటేనే పొడిలోని సారం బయటికొస్తుంది. అలాంటప్పుడు మూడు గ్లాసుల క్యాన్ నీళ్ళకి ఒక గ్లాసు మరగబెట్టి వంచిన నీళ్ళు కలిపి చూడండి. నాకైతే ఈ పాళ్ళే కుదిరాయి. మీ నీళ్ళని బట్టి మార్చుకోండి.

ఫిల్టర్ సంగతి కూడా చూసుకోవాలి. డికాషన్ చుక్కలు పడటం ఆగిపోతే పొడి మెత్తనైందని అనుకుంటారు. పై గిన్నె బెజ్జాలు సున్నంతో పూడుకుపోయి ఉండొచ్చు, వెలుతురుకి ఎత్తి చూస్తే తెలుస్తుంది. వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి, పిన్నుతో పొడిచి కడిగితే సరి. కెటిల్‌కైతే నిమ్మ ఉప్పు ఒక చెంచా వేసి నీళ్ళు మరగబెట్టి, అరగంట ఆగి పారబోయాలి. తర్వాత రెండుసార్లు ఉత్త నీళ్ళు కాచి పారబోస్తే పులుపు వాసన పోతుంది. పెచ్చు కట్టిన కెటిల్ కాగడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, కాయిలు కూడా తొందరగా మాడిపోతుంది.