వెనక్కి తిరిగే చోటు సగం దారిలో ఉండదు

కాలిఫోర్నియా నుంచి హవాయికి సుమారు 2,100 నాటికల్ మైళ్ళు. మధ్యలో దిగడానికి ఒక్క దీవి కూడా లేదు. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానానికి రెక్కల్లోని ఇంధనం చాలదు, అందుకని క్యాబిన్‌లో అదనపు ట్యాంకులు పెడతారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెక్కల్లో 5 గంటల ఇంధనం ఉందనుకోండి. ఒక గంట రిజర్వు తీసేస్తే 4. గాలి వెనక నుంచి తోస్తోంది, వెళ్ళేటప్పుడు వేగం 140 నాట్లు. అదే గాలి తిరిగొచ్చేటప్పుడు ఎదురు, 120 నాట్లే. అంటే సుమారు 258 మైళ్ళ దాకానే వెళ్ళి వెనక్కి రాగలం. వెళ్ళడానికి గంటా యాభై నిమిషాలు, రావడానికి రెండు గంటల పది నిమిషాలు. సగం దారి కాదండీ! నేనైతే ఆలోపే ప్రతి అదనపు ట్యాంకు వాల్వూ తిప్పి, రెక్కల గేజి పెరుగుతోందా లేదా చూడమంటాను. పెరగలేదా, ఇంటికి తిరగడమే.

2015 జనవరిలో ఇదే దారిలో ఒక సిర్రస్ ఎస్‌ఆర్22కి అదనపు ట్యాంకులోని ఇంధనం ఇంజిన్‌కి అందలేదు. మౌయికి ఇంకా 250 మైళ్ళు ఉండగా పారాచూట్‌తో సముద్రంలో దిగింది. దగ్గర్లో ఒక క్రూజ్ షిప్పు ఉంది కాబట్టి పైలట్ బతికాడు. ఆయన ఎక్కిన లైఫ్ రాఫ్ట్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడదాం.