రంపం మిషను కొంటున్నారా? సీసీ ఒక్కటే చూసి మోసపోకండి

తుపాను వచ్చాక వెతికే వస్తువుల్లో రంపం మిషను మొదటిది. ఉద్దానం రైతుకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మూడూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. తిత్లీ అయితే అక్టోబరు 11 తెల్లవారుజామున నేరుగా పలాస దగ్గరే దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు వేళ్లతో సహా నేలమీద ఉన్నాయి. జీడిమామిడి తోటల్లో అడుగు పెట్టే దారి లేదు.

పడిన చెట్టు పోయింది, నిజమే. కానీ దాన్ని తోటలోనే వదిలేస్తే నిలిచిన చెట్టు కూడా పోతుంది. కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లోనే కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పెరుగుతుంది. అక్కడినుంచి కొత్తగా వేసిన మొక్కల మొవ్వులోకి చేరుతుంది. అందుకే మొద్దులు త్వరగా కోసి తరలించాలి. గొడ్డలితో నెలలు పట్టే పని మిషనుతో రోజుల్లో అవుతుంది. అయితే ఏ మిషను? అంగడికి వెళితే రకరకాల రంగుల్లో పదీ పదిహేను మిషన్లు వరసగా పెట్టి ఉంటాయి. అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. రైతు సోదరులు డబ్బు తీసేముందు నాలుగు సంగతులు తెలుసుకోవడం మంచిది.

మూలపేటలో చూసిన పందెం

సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఒక కొబ్బరి తోటకు మేము వెళ్లిన రోజున ఇద్దరు కోతగాళ్లు పని చేస్తున్నారు. ఒకరిది 70 సీసీ పైబడిన పెద్ద మిషను. రెండోవారిది 45 సీసీ మధ్యరకం. ఒకే మాను, రెండు చివరల నుంచి మొదలుపెట్టారు. పెద్ద మిషనే ముందు తెగ్గొడుతుందని అనుకున్నాం. చిత్రంగా చిన్నదే ముందు తెగ్గొట్టింది. పెద్ద మిషను కింద పిండిలాంటి పొట్టు రాలుతోంది, మాను దగ్గర పొగ లేస్తోంది. చిన్న మిషను కింద మాత్రం అటుకుల్లాంటి ముక్కలు పడుతున్నాయి.

పెద్ద కోతగాడు నవ్వి అసలు సంగతి చెప్పాడు. "నా సెయిను మొండిదైపోనాది బాబూ. పొద్దున్న ఇసకలో తగిలేసినాను. ఇంక బలమెంతుంటే ఏటి?"

ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట అదే. మిషను బలాన్ని ఇస్తుంది, కోసేది మాత్రం చెయిన్ పదును. పదును లేని చెయిన్ వేసిన ఖరీదైన మిషను కన్నా పదునున్న మామూలు మిషను మేలు.

బలం: ఏ పనికి ఎంత?

వృత్తిగా చెట్లు కోసేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. ఒకటి జర్మనీకి చెందిన స్టిల్, 1926లో మొదలైంది. రెండోది స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా. ఇది 1689లో తుపాకుల కార్ఖానాగా పుట్టి, 1959లో రంపం మిషన్ల తయారీలోకి వచ్చింది. ఈ రెండింటి మధ్య పోటీ ప్రపంచమంతటా ఉంది. కోతగాళ్లలో ఎవరిది వాళ్లకు గొప్ప.

కంపెనీలు చెప్పే లెక్కలు ఇలా ఉన్నాయి. బరువులన్నీ బారు, చెయిన్ లేకుండా చెప్పినవి.

స్టిల్ ఎం.ఎస్.180: సుమారు 32 సీసీ, 2 హెచ్.పి., 4 కిలోల లోపు. కొమ్మలు కొట్టడానికి, పొయ్యి కట్టెలకు, సన్న సరుగుడుకు చాలు. రోజంతా కొబ్బరి మాన్లు కోయమంటే కుదరదు.

స్టిల్ ఎం.ఎస్.250: 45.4 సీసీ, సుమారు 3 హెచ్.పి., 4.6 కిలోలు. ఐదారెకరాల జీడి, కొబ్బరి ఉన్న రైతు సొంత పనికి సరిపోతుంది.

స్టిల్ ఎం.ఎస్.382: 72.2 సీసీ, 5.3 హెచ్.పి., 6.2 కిలోలు. దీనికి పోటీ హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ. ఇది 70.7 సీసీ, బలం అంతే లేదా కాస్త ఎక్కువ, బరువు తయారీని బట్టి 6 నుంచి 6.6 కిలోలు. కూలికి కోసేవాళ్లకు ఈ తరగతి మిషన్లే తగినవి.

ఐదు హెచ్.పి. అంటే మన బోరు మోటారు బలం. అంత బలాన్ని చేతుల్లో పట్టుకుని కోస్తున్నామన్న సంగతి మరవకూడదు. పెద్ద తరగతిలో రెండు కంపెనీల మధ్య బలంలో తేడా స్వల్పమే. కోతలో అది మీకు తెలియదు. కాబట్టి ఆ తరగతిలో సీసీ గురించి వాదులాట అనవసరం.

బారు పొడవులోనూ ఆశకు పోకూడదు. కొబ్బరి మాను నడుమ భాగం అడుగు మందం, మొదలు అంతకన్నా లావు. 18 అంగుళాల బారు ఉంటే రెండు వైపుల నుంచి కోసి లావు మొదలునూ తెంపవచ్చు. చిన్న మిషనుకు పొడవైన బారు తగిలిస్తే చెయిన్ తిప్పడానికే దాని బలం సరిపోతుంది, కోతకు మిగలదు.

చేతివాటం: సాయంత్రం తెలుస్తుంది

అంగట్లో ఒక నిమిషం ఎత్తి చూస్తే అన్నీ తేలిగ్గానే ఉంటాయి. ఆరు కిలోల మిషనుకు బారు, చెయిన్, పెట్రోలు, ఆయిలు కలిస్తే ఎనిమిది కిలోలు దాటుతుంది. దాన్ని వంగి పట్టుకుని మధ్యాహ్నం దాకా పనిచేసేది మీ నడుమే. అందుకే బారు తగిలించి, రెండు ట్యాంకులూ నింపించి ఎత్తి చూడండి. ముక్కు నేలకు వాలిపోతోందా, వెనక్కి తూగుతోందా గమనించండి.

రెండోది అదురు. మంచి మిషన్లలో ఇంజనుకూ పిడులకూ మధ్య స్ప్రింగులో రబ్బరు బుష్‌లో ఉంటాయి. ఇంజను అదురు వాటిదగ్గరే చాలావరకు ఆగుతుంది. చౌకరకాల్లో ఇవి నామమాత్రం. ఏళ్ల తరబడి అదురు తగిలితే వేళ్లకు రక్తం సరిగా ఆడక తిమ్మిరి పట్టి తెల్లబడతాయి. స్ప్రింగు తెగినా రబ్బరు చిరిగినా మార్చకుండా పని చేయవద్దు.

మీటల అమరికలో కంపెనీల మధ్య తేడా ఉంది. స్టిల్ 382లో చోక్, స్టార్టు, ఆపడం అన్నీ ఒకే మీటతో. హస్క్‌వర్నా 372లో చోక్ వేరు, ఆపే స్విచ్చు వేరు. ఏది మంచిదన్నది అలవాటు మాట. ఒకదానికి అలవాటు పడినవాడు రెండోది పట్టుకుంటే కొన్నాళ్లు తడుముకుంటాడు. ఒకే ఇంట్లో, ఒకే ముఠాలో ఒకే కంపెనీ మిషన్లు ఉంటే ఆ ఇబ్బంది ఉండదు, విడిభాగాలూ కలిసొస్తాయి.

మన్నిక: పైకి కనబడని తేడా

రెండు మిషన్ల ధరలో అంత వ్యత్యాసం ఎందుకని చాలామంది అడుగుతారు. తేడా లోపల ఉంటుంది. వృత్తివాళ్ల మిషన్లలో ఇంజను కూర్చునే పెట్టె మెగ్నీషియం లోహంతో పోతపోసింది. ఇంటివాడకపు మిషన్లలో ఎక్కువ భాగం ప్లాస్టిక్. లోహపు పెట్టె వేడిని తట్టుకుంటుంది, విప్పి బాగుచేయడానికీ వీలు. ఎం.ఎస్.250 మంచి మిషనే గానీ అది రోజువారీ కూలి కోతకు ఉద్దేశించింది కాదు. రెండెడ్లు లాగవలసిన బండికి ఒక్క ఎద్దును కట్టినట్టవుతుంది.

మన తీరంలో ఇసుక, దుమ్ము ఎక్కువ. గాలి ఫిల్టరు రోజూ విప్పి దులపాలి. హస్క్‌వర్నా 372లో ఫ్యాను విసురుకు పెద్ద రవ్వలు ముందే పక్కకు పోయి, శుభ్రమైన గాలి ఫిల్టరుకు చేరే ఏర్పాటు ఉంది. ఇలాంటి ఏర్పాటు ఉన్న మిషనుకైనా ఫిల్టరు దులపడం తప్పదు.

ఇక పేరూ ఊరూ లేని 58 సీసీ మిషన్ల సంగతి. ధర తక్కువ, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. ఏడాదికి నాలుగు రోజులు వాడే రైతుకు అవి పనికిరావని అనలేం. కానీ స్టిక్కరు మీద అంకెను నమ్మకుండా హెచ్.పి. ఎంతో కాగితం మీద చూపమనండి. 58 సీసీ అన్నంత మాత్రాన 58 సీసీ మంచి మిషను బలం రాదు.

ఏది కొన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "రేపు పిస్టన్ పోతే ఇది టెక్కలిలోనో కాశీబుగ్గలోనో దొరుకుతుందా, ఎన్నాళ్లకు?" శ్రీకాకుళం దాటి వెళ్లాలంటే ఎంత గొప్ప కంపెనీ అయినా తుపాను వారంలో అది మీకు బరువే.

మిషన్లను చంపేది మనమే

ఈ ఇంజనుకు విడిగా ఆయిలు ఉండదు. పెట్రోలులో కలిపిన టూ టీ ఆయిలే దానికి ప్రాణం. మంచి ఆయిలైతే లీటరు పెట్రోలుకు 20 మి.లీ., అంటే ఐదు లీటర్లకు 100 మి.లీ. కలపాలి. కంటి అంచనా పనికిరాదు, కొలత గ్లాసు వాడాలి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీలుస్తుంది. కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు వదలకండి. ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఇంజను నడిపి, ఆ తర్వాత అటక ఎక్కించండి.

చెయిన్‌కు పోసే ఆయిలు వేరు. ట్రాక్టరులోంచి తీసిన నల్ల ఆయిలు పోయవద్దు. అందులోని లోహపు రజను బారును తినేస్తుంది. మిషనును తిప్పుతూ ముక్కును ఒక మోడుకు జానెడు ఎడంగా చూపితే సన్నటి ఆయిలు గీత పడాలి. పడలేదంటే దారి పూడుకుపోయిందని అర్థం. బారును అప్పుడప్పుడు తిరగేసి బిగిస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి.

పదును పెట్టడం నేర్చుకోండి

నేటి రంపం చెయిన్ వెనక ఒక పురుగు ఉంది. అమెరికాలో జో కాక్స్ అనే కలప కార్మికుడు 1946లో ఒక మోడులో పురుగు కలపను తొలచడం చూశాడు. అది ఎడమకూ కుడికీ మార్చి మార్చి కొరుకుతూ నిలువునా అడ్డంగా దారి చేసుకుంటోంది. అదే పద్ధతిలో ఒక పన్ను ఎడమకు, ఒక పన్ను కుడికి ఉండే చెయిన్ తయారు చేశాడు. మన జీడి కాండాన్ని తొలిచి చంపే పురుగును చూసి తిట్టుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.

కొబ్బరి మాను బయటి చుట్టు గట్టి, లోపల మెత్తన. పదును పోయేది ఆ బయటి చుట్టులోనే, పైగా దానికి ఇసుక అంటుకుని ఉంటుంది. కోయబోయే చోట కొడవలితో గీకి, చీపురుతో దులిపి మొదలుపెట్టండి. పన్ను మూల గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ చెయిన్ అడగండి. కొసగా ఉండే ఫుల్ చిజెల్ శుభ్రమైన కలపలో వేగం, మురికిలో మాత్రం తొందరగా మొండిబారుతుంది.

గుండ్రటి ఆకురాయి చెయిన్‌ను బట్టి ఉండాలి: 0.325 పిచ్‌కు 4.8 మి.మీ., 3/8 పిచ్‌కు 5.2 మి.మీ. కోణం 30 డిగ్రీలు. లోపలి నుంచి బయటికి ఒక్క దిక్కుకే రాయాలి. పళ్లన్నీ ఒకే పొడవు ఉండాలి, లేకపోతే కోత పక్కకు లాగుతుంది. పొట్టు పిండిలా వస్తున్నా, మిషనును అదిమి నొక్కవలసి వస్తున్నా ఆపి పదును పెట్టవలసిందే.

ప్రాణం మాట

మూలపేటలో ఆ పెద్ద కోతగాడు ఎడమ భుజం మీది మచ్చ చూపించాడు. తిత్లీ తర్వాత పదో రోజు తగిలిందట. "ఆ రోజుల్లో మిషను దొరికితే సాలనుకున్నాం బాబూ. దానికి బ్రేకుందో నేదో ఎవుడు సూసినాడు? సేతి ముందర కాపు ఎప్పుడో ఇరిగిపోనాది. బారు ముక్కు ఇంకో మానుకు తగిలింది, అంతే, ఎనక్కి ఎగిరి భుజం మీద పడింది."

బారు ముక్కు పై భాగం దేనికైనా తగిలితే మిషను రెప్పపాటులో మన మీదికి లేస్తుంది. ఆ క్షణంలో కాపాడేది చేతి ముందరి కాపుకు కలిపిన చెయిన్ బ్రేకు ఒక్కటే. 1970ల తొలి ఏళ్లలోనే ఈ రెండు కంపెనీలూ దీన్ని పెట్టాయి. చెయిన్ సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెత్తుతుంటే మీరు చెయ్యి తీసుకునే వ్యవధి ఉండదు. పాత మిషను కొంటే మొదట బ్రేకు చూడండి. అది పని చేయకపోతే ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

గాలికి పడిన చెట్టు నిలిచిన చెట్టులాంటిది కాదు. వంగి బిగుసుకున్న మానులో విల్లులా బలం దాగి ఉంటుంది. ముందు నొక్కుకుపోయిన వైపు కొద్దిగా కోసి, తర్వాత సాగిన వైపు నుంచి తెంపాలి. వేళ్లతో లేచిన కొబ్బరి మొదలు, మాను తెగగానే లేచి నిలబడవచ్చు. ఆ గోతి వైపు ఎవరినీ నిలబెట్టకండి. ఒంటరిగా కోయకండి. భుజం ఎత్తు దాటి మిషను లేపకండి. కంటికి అద్దాలు, చెవికి మూతలు, కాలికి గట్టి బూట్లు ఖర్చు కాదు.

చివరికి ఏది కొనాలి?

ఏడాదికి పది రోజుల లోపు పని ఉంటే కొనకండి, కోతగాడిని పిలవండి. పదీ ఇరవై రోజులుంటే 45 సీసీ మధ్యరకం చాలు. కూలికి వెళ్లేవారు 70 సీసీ తరగతిలో, దగ్గరలో మెకానిక్కు ఉన్న కంపెనీది తీసుకోండి. నలుగురైదుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. కానీ పదును పెట్టే మనిషి, పెట్రోలు కలిపే మనిషి ఒక్కరే అయి ఉండాలి.

ఇంట్లో ఇప్పటికే మిషను ఉన్నవారు సెప్టెంబరులోనే దించి ఒకసారి నడిపి చూడండి. ప్లగ్గు, ఫిల్టరు, బ్రేకు చూసి, రెండు చెయిన్లు పదును పెట్టి ఉంచండి. అక్టోబరులో గాలి లేచాక ఆకురాయి కోసం అంగడికి పరుగెత్తితే అప్పటికే అక్కడ వరస కట్టి ఉంటుంది.