కాంతిని దాటిన పింగాణీ పట్టీ

వినాయక చవితి పందిరికి కట్టిన సీరియల్ లైట్లలో వెలుగు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగులు తీస్తుంది. బల్బులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక బల్బు వెలిగాక పక్కది వెలగడానికి పట్టే వ్యవధిని తగ్గించుకుంటూ పోతే ఆ పరుగు ఎంత వేగాన్నయినా అందుకుంటుంది. కాంతివేగాన్ని దాటినా కాదనే సూత్రం లేదు. పరుగెత్తేది వస్తువు కాదు, వరస. ఐన్‌స్టీన్ ఆంక్ష పదార్థానికీ సమాచారానికీ వర్తిస్తుంది గానీ వరసకు కాదు.

ఈ వెసులుబాటునే ఆసరా చేసుకుని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింగిల్టన్, అర్జంగ్ అర్దవాన్, వాళ్ల సహచరులు ఒక యంత్రం తయారుచేశారు. దాని పేరు పోలరైజేషన్ సింక్రోట్రాన్. పేరు విని కిలోమీటర్ల సొరంగాన్ని ఊహించుకోనక్కర్లేదు. మామూలు గదిలో ఇమిడిపోయే వంపు తిరిగిన పట్టీ అది.

దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం చాలా పాతది. కాంతిని మించి పోయే విద్యుదావేశం ఎలాంటి తరంగాలు వెదజల్లుతుందో ఆలివర్ హెవిసైడ్ 1880ల చివర్లోనే లెక్కలు కట్టాడు. 1904లో సోమర్‌ఫెల్డ్ అదే పనికి పూనుకున్నాడు. మరుసటి ఏడే సాపేక్ష సిద్ధాంతం వచ్చి, ఎలక్ట్రాన్‌కు శూన్యంలో ఆ వేగం అసాధ్యమని తేల్చేసింది. పాపం, ఇంతటి దురదృష్టపు ముహూర్తం భౌతికశాస్త్రంలో అరుదు! నీటిలో అయితే కాంతి నెమ్మదిస్తుంది కాబట్టి, దాన్ని దాటిన కణాలు నీలి వెలుగు చిమ్ముతాయి. 1934లో చెరెంకోవ్ గమనించింది దాన్నే. శూన్యం సంగతిని మళ్లీ తెరిచింది గింజ్‌బర్గ్, బొలొటోవ్‌స్కీ. కణం దాటలేకపోయినా, కణాల సమష్టి కదలికతో ఏర్పడే ఆకృతి దాటగలదనీ, అదీ తరంగాలు వెలువరిస్తుందనీ 1972లో ఈ రష్యన్ శాస్త్రవేత్తలు రాశారు.

ఆక్స్‌ఫర్డ్ యంత్రంలో ఆ ఆకృతిని మోసేది అల్యూమినా. స్పార్క్ ప్లగ్ మీద తెల్లగా కనిపించే పింగాణీ లాంటి పదార్థం అదే. 10 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలోంచి 10 డిగ్రీల ముక్క కోసినట్టుంటుంది పట్టీ. దాని మీద వరసగా 41 ఎలక్ట్రోడ్లు, ఒక్కోదానికి సొంత యాంప్లిఫయర్. ఎలక్ట్రోడ్‌కు వోల్టేజి ఇవ్వగానే దాని కింద అల్యూమినాలోని ధన అయాన్లు ఒక పక్కకు, రుణ అయాన్లు మరో పక్కకు రవ్వంత జరుగుతాయి. ఆ జరుగుడు అణువు పరిమాణంలో కూడా చిన్న భాగమే. దీన్నే పోలరైజేషన్ అంటారు. వోల్టేజిని పక్క ఎలక్ట్రోడ్‌కు, ఆ పక్కదానికి అందిస్తూ పోతే పోలరైజేషన్ పట్టీ పొడవునా పరుగెడుతుంది.

ఇక వేగం సంగతి. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం దాదాపు 43 మిల్లీమీటర్లు. అంత దూరం పోవడానికి కాంతికి సుమారు 143 పికోసెకన్లు పడుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్షకోట్లో వంతు. పక్కపక్క ఎలక్ట్రోడ్లకు సంకేతాలు అందడంలో తేడాను అంతకంటే తగ్గిస్తే కాంతివేగం దాటినట్టే. 115 పికోసెకన్లకు తెస్తే పరుగు కాంతికి ఒకటింబావు రెట్లు. ఏ కణమూ గీత దాటలేదు, అయాన్లు ఉన్నచోటే ఊగాయి, ఆకృతి మాత్రం దాటింది.

తిన్నగా ఉన్న పట్టీతోనే ఈ పని జరుగుతుంది కదా, వంపెందుకు? వంపులో పరిగెత్తే మూలానికి త్వరణం ఉంటుంది. కాంతిని మించిపోయే మూలం తన తరంగాలను తానే దాటేస్తుంది కాబట్టి, వేర్వేరు క్షణాల్లో బయల్దేరిన తరంగాలు పరిశీలకుడికి ఒకేసారి చేరవచ్చు. గుండ్రంగా తిరిగే మూలమైతే, కొన్ని దిక్కుల్లో సరిగ్గా కాంతివేగంతో, ఆ దిశలో త్వరణం సున్నాగా మన వైపు వస్తున్న ఘడియ ఒకటి ఉంటుంది. ఆ ఘడియకు అటూ ఇటూ వెలువడిందంతా కుదించుకుని దాదాపు ఒక్కసారిగా మీద పడుతుంది.

వివాదం మొదలైంది ఇక్కడే. కేంబ్రిడ్జ్‌కు చెందిన హౌషంగ్ అర్దవాన్ లెక్క ప్రకారం, ఆ దిక్కుల్లో తీవ్రత దూరపు వర్గానికి కాక దూరానికే విలోమంగా తగ్గాలి. నూరు రెట్లు దూరం వెళితే మామూలు రేడియో పదివేలో వంతుకు పడిపోతుంది, ఇది నూరో వంతు దగ్గరే ఆగుతుంది. బ్రిస్టల్‌కు చెందిన జె.హెచ్. హన్నే ఒప్పుకోలేదు. పరిమిత పరిమాణంతో, ఎక్కడా తెగకుండా సాఫీగా ఉన్న మూలమేదైనా ఎంత దూరాన చూసినా విలోమవర్గ నియమాన్ని మీరలేదని ఆయన గణితవాదం. పుంజం దూరంతో పాటు సన్నబడుతుంది గనుక శక్తి లెక్క సరిపోతుందన్నది అర్దవాన్ పక్షం జవాబు.

ఆక్స్‌ఫర్డ్ బృందం పట్టీని విమానాశ్రయపు మైదానానికి తీసుకెళ్లి, వందల మీటర్ల దాకా సంకేతాన్ని కొలిచింది. నేల మీద పడి తిరిగొచ్చే తరంగం నేరుగా వచ్చేదానితో కలిసి కొన్నిచోట్ల పెంచుతుంది, కొన్నిచోట్ల చెరిపేస్తుంది. దాన్ని లెక్కగట్టి తీసేశాక మిగిలింది తమ సిద్ధాంతానికి సరిపోయిందని 2004లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజిక్స్‌లో ప్రకటించింది. చాలామంది భౌతికశాస్త్రవేత్తలను అది ఒప్పించలేదు. నా వరకు, కాంతిని దాటిన పరుగు గురించి అనుమానమేమీ లేదు, అది ఇంజనీరింగ్. నెమ్మదిగా తగ్గే తీవ్రతకు మాత్రం నేల ప్రతిఫలనాల మధ్య తేలిన ఆ కొలతలకంటే గట్టి సాక్ష్యం కావాలి.

ఇంత గొడవ ఒక్క పట్టీ కోసం కాదు, పల్సార్ల కోసం. 1967లో జోసెలిన్ బెల్ కనుగొన్న ఈ తారలు ఎలా ప్రకాశిస్తాయన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కర్కట నీహారికలోని పల్సార్ సెకనుకు దాదాపు 30 సార్లు తిరుగుతుంది. దాని నుంచి సుమారు 1,600 కిలోమీటర్లు దాటాక, దానితో పాటు తిరిగే అయస్కాంత ఆకృతి ఏదైనా కాంతిని మించిపోక తప్పదు. పల్సార్ల కాంతికి మూలం అక్కడుందని సింగిల్టన్ బృందం వాదించింది. ఆ రంగంలో అది మైనారిటీ అభిప్రాయమే.

తర్వాత సింగిల్టన్ పని లాస్ అలమోస్‌కు మారింది, యంత్రం ఆశయమూ మారింది. ఇప్పుడు పట్టీని దూరతీరాలకు గురిపెట్టడం కంటే, ఎంచుకున్న ఒక బిందువుకు గురిపెట్టడం మీద దృష్టి. మూలం పరుగును సరిగ్గా అమర్చితే, ఎడంగా వెలువడిన సంకేత భాగాలు ఆ బిందువు దగ్గర మాత్రమే సరైన వరసలో కలుస్తాయి. పక్కన యాంటెన్నా పెట్టుకున్నవాడికీ తరంగాలు అందుతాయి గానీ, అందులో సందేశం చిందరవందరగా ఉంటుంది.