నొప్పి మాత్రలు – రక్తములోని ఇనుము

మోకాళ్ళ నొప్పియో, నడుము నొప్పియో కలిగినంతనే మందుల దుకాణమునుండి మాత్రలు తెచ్చి మ్రింగుట నేడు సర్వసాధారణమైనది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మొదలగునవి నొప్పిని, వాపును తగ్గించు మందులు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడినచో ఇవి ఎంతయు ఉపకరించును. కాని నెలల తరబడి ప్రతిదినము వాడువారి శరీరమునుండి, వారికి తెలియకుండగనే ఇనుము తరలిపోవచ్చును.

దీనికి కారణమేమి? ఈ మందులు పనిచేయు విధమును 1971లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ వెల్లడించెను. నొప్పిని, వాపును కలిగించు ప్రోస్టాగ్లాండినులను పదార్థములు శరీరములో తయారుకాకుండ ఇవి అడ్డుకొనును. అయితే జీర్ణకోశపు లోపలి పొరను ఆమ్లమునుండి కాపాడునవియు ఆ పదార్థములే. అవి తగ్గినప్పుడు ఆ పొర పుండుపడి రక్తము కొద్దికొద్దిగా స్రవించును. కడుపునొప్పి లేకున్నను ఇది జరుగవచ్చును. మందు రక్తములో కలిసి పనిచేయునది గనుక, భోజనానంతరము మ్రింగినంత మాత్రమున ఈ అపాయము తొలగదు.

ఒక మిల్లీలీటరు రక్తములో సుమారు అర మిల్లీగ్రాము ఇనుముండును. దినమునకు 5 మిల్లీలీటర్లు, అనగా ఒక చెంచాడు రక్తము పోయినచో రెండున్నర మిల్లీగ్రాముల ఇనుము నష్టమగును. ఆరోగ్యవంతుడైన పురుషుడు ఆహారమునుండి గ్రహించునది దినమునకు సుమారు ఒక మిల్లీగ్రాము మాత్రమే. ఆదాయమును మించిన ఈ వ్యయమువలన నిలువయున్న ఇనుము తరిగి రక్తహీనత ఏర్పడును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15–49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. అట్టివారికి ఈ నష్టము మరింత హానికరము.

నీరసము, ఆయాసము, కనురెప్పల లోపలి భాగము పాలిపోవుట రక్తహీనత లక్షణములు. వృద్ధులు వీనిని వయోభారముగా తలచి ఉపేక్షింపరాదు. మలము తారువలె నల్లగా వెడలినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఒకే కాలమున రెండు రకముల నొప్పి మాత్రలు స్వయముగా వాడరాదు. చిరకాలము వాడువారు అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనవలెను. గుండెజబ్బునకై వైద్యుడు వ్రాసియిచ్చిన ఆస్పిరినును మాత్రము ఆయన సలహా లేక మానరాదు. తోటకూర, మునగాకు, పప్పుదినుసులు భుజించునపుడు నిమ్మరసమో, ఉసిరికాయో చేర్చుకొనినచో ఇనుము బాగుగా వంటబట్టును. భోజనముతోపాటు కాఫీ, టీలు త్రాగరాదు.

అయినను చిల్లికుండలో ఎంత నీరు పోసినను నిలువదు. రక్తము పోవు మార్గమును ముందుగా వైద్యునిచే కనుగొనజేసి, పిదప పోషణకు పూనుకొనుట శ్రేయస్కరము.