వర్తించని గడులు – దాగిన గడులు

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో దాదాపు ప్రతి దరఖాస్తులోనూ "వర్తించనివి కొట్టివేయవలెను" అని అచ్చువేసి ఉండేది. ఆవు ఉన్నవారు గేదె గడిని, గేదె ఉన్నవారు ఆవు గడిని కలంతో కొట్టివేసేవారు. కొట్టివేసినా కింద రాసింది కనిపించేది. తనిఖీకి వెళ్లిన మాకు ఆ గీతే సాక్ష్యం.

ఇప్పుడు సభ్యుల వివరాలు, పశువుల వివరాలు చాలాచోట్ల కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో నింపుతున్నాం. అక్కడ కొట్టివేసే పని కలానిది కాదు, ఫారానిదే. "మీ పశువు ఏది?" అన్నచోట "ఆవు" అని ఎంచుకోగానే గేదె జాతుల గడి మాయమై ఆవు జాతుల గడి వస్తుంది. "మగ దూడ" అంటే ఎన్ని ఈతలు, రోజుకు ఎన్ని లీటర్లు అనే ప్రశ్నలు కనిపించవు. ఇది మంచి సదుపాయమే. నలభై గడులు చూసి కంగారుపడే కార్యదర్శికి పది గడులే కనిపిస్తాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అది తెలియక ఒక సభ్యురాలు ఎంత ఇబ్బందిపడిందో మేము కళ్లారా చూశాము.

పుంగనూరు వైపు ఒక సంఘంలో ఆమె ఆవు వివరాలు ఎక్కించేటప్పుడు "చెవిపోగు ఉన్నదా?" అన్నచోట కార్యదర్శి పొరపాటున "ఉన్నది" అని నొక్కాడు. కింద 12 అంకెల గడి తెరుచుకుంది. చేతిలో ఉన్న పక్కింటి ఆవు నెంబరు వేశాడు. వెంటనే తప్పు తెలుసుకుని "లేదు" అని మార్చాడు. గడి మాయమైంది. పని అయిపోయిందనుకుని భద్రపరిచాడు. కాని గడి దాగిందే తప్ప అందులోని నెంబరు చెరగలేదు. అదే నెంబరు జాబితాకెక్కింది. తర్వాత పశువైద్య సిబ్బంది ఆ ఆవుకు అసలు చెవిపోగు వేశారు. కొన్ని నెలలకు ఆవు చనిపోయింది. బీమా సొమ్ముకు దరఖాస్తు పెడితే చెవిపోగు నెంబరు ఒకటి, జాబితాలో నెంబరు మరొకటి. పాడి మీదే ఇల్లు గడిచే మనిషి, రెండో ఆవు కొనలేక, కాగితాలు సరిపడేదాకా తిరగవలసి వచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. వెబ్‌సైటులో ఫారాలు, పేజీలు తయారుచేసి నడిపేందుకు ద్రూపల్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో గడులకు షరతులు పెట్టవచ్చు. ఒకటి నడిపించే గడి, రెండోది దానిమీద ఆధారపడే గడి. "మొదటి దానిలో ఈ జవాబు ఉంటేనే రెండోది చూపు" అన్నదే షరతు. చూపడం, దాచడం మామూలుగా మన చేతిలోని ఫోనులోనే జరుగుతుంది. భద్రపరచడం మాత్రం దూరాన ఉన్న సర్వరులో జరుగుతుంది. దాచిన గడిని ఖాళీ చేయాలని ఫారం తయారుచేసినవారు విడిగా ఏర్పాటు చేయకపోతే లోపలి విలువ అలాగే సర్వరుకు చేరవచ్చు.

దీనికి తిరగబడ్డ చిక్కు మరొకటి. ఒక గడిని "తప్పనిసరి" అని సర్వరు వద్ద గుర్తుపెట్టి, ఫోనులో దాచారనుకోండి. కార్యదర్శి ఎంత నొక్కినా "ఈ గడి నింపండి" అనే మాటే వస్తుంది, నింపడానికి గడి కనిపించదు. కనుక తప్పనిసరి అన్న నియమానికీ అదే షరతు ఉండాలి. గడి కనిపించినప్పుడే తప్పనిసరి కావాలి.

మూడోది, దాచడం అంటే తాళం వేయడం కాదు. దాగిన గడిలోని బ్యాంకు ఖాతా నెంబరును పేజీ లోపల వెతికి చూడడం తెలిసినవారికి కష్టం కాదు. రహస్యంగా ఉండవలసినది అర్హత లేనివారి ఫోనుకు అసలు పంపనే కూడదు.

కొత్త ఫారం వచ్చినప్పుడు పాలకవర్గం వారు ముందుగా మాదిరి పేర్లతో పరీక్షించవలెను. పుంగనూరు జాతి ఆవు ఒకటి, గేదె ఒకటి, మగ దూడ ఒకటి వేసి చూడండి. కుప్పానికి ఇటు తమిళనాడు, అటు కర్ణాటక సరిహద్దులు కనుక పొరుగు రాష్ట్రపు బ్యాంకులో ఖాతా ఉన్న సభ్యుని వివరాలు వేసి చూడండి. మదనపల్లె వైపు 1964 చట్టం కింద నమోదైన సంఘమైతే ఒకలా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందిదైతే మరోలా నింపండి. రెండో రకం సంఘాలు ప్రభుత్వ వాటాధనం తీసుకోరాదు కనుక ఆ గడి వాటికి రాకూడదు. ప్రతిసారీ ఒక జవాబు ఇచ్చి, మార్చి, భద్రపరచి, తిరిగి తెరవండి. పాత విలువ మిగిలి ఉంటే ఫారం తయారుచేసినవారికి రాతపూర్వకంగా తెలపండి.

సభ్యులకు మా మనవి ఒక్కటే. మీ వివరాలు ఎక్కించాక భద్రమైన పత్రాన్ని అచ్చు తీయించుకుని, కార్యదర్శి చేత పైకి చదివించుకోండి. చెవిపోగు నెంబరు 12 అంకెలూ ఆవు చెవి దగ్గర నిలబడి సరిచూసుకోండి. నాలుగు నిమిషాల పని ఇది. జవాబు మార్చిన కార్యదర్శులు మాత్రం ముందు ఆ గడిని తమ చేతితో ఖాళీ చేసి, ఆ తర్వాతే "లేదు" అని నొక్కగలరు.