అలవాటు తప్పిన గీత

దీపావళి వేళ ఆదిలాబాదు ప్రాంతపు రాజగోండు గూడెములలో దండారీ బృందములు బయలుదేరినప్పుడు, తలపై నెమలియీకల కిరీటమును, ఒడలెల్ల బూడిద పూతయు, భుజమున తోలును, చేత కోలయు ధరించి, వాద్యముల దరువునకు అడుగులు వేయుచు తిరుగు గుస్సాడీని గీయబూనిన ఔత్సాహిక చిత్రకారునకు మొట్టమొదట ఎదురగు చిక్కేమనగా, ఆ నర్తకుడు నిలువడు. మార్లవాయికి చెందిన గుస్సాడీ నర్తకులు కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ లభించిన పిదప ఈ నాట్యపు ఛాయాచిత్రములు పత్రికలలో కోకొల్లలుగా వచ్చినవి. వానిని ముందుంచుకొని ఈకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి గీయవచ్చును. అట్టి బొమ్మలో ఈకలుండును గాని ఆట యుండదు.

మన ప్రాంతమున సెలవునాడు పెన్సిలు పట్టువారు బడిపంతుళ్లు, కచేరీ గుమాస్తాలు, గోదావరిఖని మొదలు బెల్లంపల్లి దాక షిఫ్టు దిగి ఇల్లు చేరు సింగరేణి కార్మికులు. వీరిలో పెక్కుమందికి చేతనైనది గళ్ళ పద్ధతి: ఫొటోపై గళ్ళు గీసి, అవే గళ్ళను కాగితముపై పెద్దవిగా వేసికొని, సినిమా నటుని ముఖమునో సరస్వతీదేవినో గడిగడికి దింపుట. దానిని నేను తక్కువ చేయను. పోలిక కుదురును, ఇరుగుపొరుగువారు మెచ్చుకొందురు. అయితే ఆ మెప్పే చేతికి సంకెల యగుటయు కద్దు. కొత్త వస్తువును పాత చేతితోనే దింపుచున్నంత కాలము అభ్యాసము సాగుచున్నట్లు తోచును గాని, నిజమునకు ఒకే బొమ్మ పేరు మార్చుకొని మరల మరల వచ్చుచుండును.

గుస్సాడీ వంటి వస్తువు ఈ చేతిని ఒప్పుకొనదు. కిరీటముతో మొదలుపెట్టినవాడు అయిదవ ఈక ముగించులోపల నర్తకుడు వెనుదిరిగి యుండును. కావున భుజమునుండి మడమ దాక వాలిన ఒక్క గీతను ముందుగా పట్టుకొని, బరువు ఏ కాలిపై మోపినాడో గుర్తించి, మోకాలి వంపును చూచి, ఆ తరువాతనే బొగ్గుకడ్డీని అడ్డముగా పరుండబెట్టి, ఈకల గుబురునంతను ఒక్క రాపిడితో వేయవలెను; కన్ను ఆటపై నుండవలెనే గాని కాగితముపై గాదు. ముక్కు చెవులు రాకున్నను చింతలేదు. ఇట్టి పనికి ఖరీదైన డ్రాయింగు కాగితము పనికిరాదు, పాడగునన్న భయము వ్రేళ్ళను బిగబట్టును. అచ్చు వేయని వార్తాపత్రికల కాగితము చాలును.

నిర్మల్ పట్టణపు కళాకారుల పనిని చూచినవారికి దీనికి పూర్తిగా విరుద్ధమైన పాఠము దొరకును. తేలికయైన పొనికి కొయ్యతో బొమ్మను చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టును కలిపి మెత్తి, తెల్లమట్టి పూసి, నునుపుచేసిన పిదపగాని వారు రంగు ముట్టరు. అక్కడి పటములలో మిక్కిలి ప్రసిద్ధములైనవానికి నల్లని నేపథ్యము. చీకటి ముందే సిద్ధముగా నుండగా కుంచె వెలుగును మాత్రమే తెచ్చి పెట్టును. తెల్లకాగితమున నీడలు వేయుటకు అలవడిన చేతికి ఇది తలక్రిందులైన లెక్క. నల్లకాగితముపై తెల్లపెన్సిలుతో ఒక ఇత్తడి చెంబును గీసిచూడుడు: అంచుపై నెలవంకవలె మెరయు సన్నని వంపు, కడుపుపై కిటికీ వెలుతురు పడిన చిన్న మచ్చ, అడుగున నేలనుండి తిరిగి వచ్చిన మసకకాంతి, ఇంతే వేయవలసినది. చెంబు చుట్టును గీత గీయవలెనని చేయి తహతహలాడును. దానిని ఆపుటయే ఇందలి సాధన.

ఎలగందుల, కరీంనగరముల వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. వెంట్రుకవలె సాగిన తీగలను పెనవేసి చట్రములో ఆకులుగా, తీవలుగా వంచు ఆ పనిని గమనించినవానికి కాగితముపై పెన్సిలు ఎత్తకుండ, రబ్బరు ముట్టకుండ గీయుట యెందులకో వేరుగ చెప్పనక్కరలేదు.

వస్తువును మార్చవలెనా, పద్ధతిని మార్చవలెనా యన్న ప్రశ్నకు పాత కరీంనగరు జిల్లాలోనే రెండు సమాధానములు పుట్టినవి. 1915లో అన్నారమున జన్మించిన పాకాల తిరుమలరెడ్డిగారు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, యథార్థ చిత్రణమునుండి క్యూబిజమునకును, అటనుండి అమూర్తరచనకును, తాంత్రిక సంకేతములకును సాగిరి. ఏ మజిలీలోను స్థిరపడుట ఆయన స్వభావము కాదు. 1942లో బూరుగుపల్లిలో జన్మించిన తోట వైకుంఠముగారో, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందివచ్చియు, పెద్ద కుంకుమబొట్టు, నిండు చీర గల తెలంగాణ పల్లెపడుచునే దశాబ్దముల తరబడి గీసిరి. కేవలము ఈ వస్తువును చూచి ఆయన కదలలేదనుకొనుట పొరపాటు. ఆ స్త్రీని ఆయన బొగ్గుతో గీసిరి, పిదప ఎరుపు, పసుపు, కాషాయముల చిక్కని రంగులలోనికి తెచ్చిరి, బి. నర్సింగరావుగారు దొర గడీలో మగ్గిన ఒక ఆడబాపను, అనగా దాసిని, గూర్చి 1988లో ‘దాసి’ చలనచిత్రమును తీసినప్పుడు, కాగితమును వదలి, గడీ గోడలను, గదులను, పాత్రసామగ్రిని కెమెరా కంటికి అమర్చి, కళాదర్శకత్వమునకు జాతీయ పురస్కారమును అందుకొనిరి.