వేగం తక్కువైనా ఈ కారంటే అంత ఇష్టమెందుకు?

స్పోర్ట్స్ కారు కనిపిస్తే చాలు, ‘ఎంత స్పీడు వెళ్తుంది?’ అని అడుగుతాం. కానీ జపాన్ కంపెనీ మాజ్దా 1989లో తెచ్చిన ఎంఎక్స్-5 కథ వేరు. అమెరికాలో దీన్ని మియాటా అంటారు. తొలి మోడల్ ఇంజిన్ 1.6 లీటర్లు, శక్తి సుమారు 115 హార్స్‌పవర్ మాత్రమే. అయినా 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి! రెండు సీట్ల స్పోర్ట్స్ కార్ల అమ్మకాల్లో గిన్నిస్ రికార్డు కూడా దీనిదే.

ఎలా సాధ్యమైంది?

కిటుకంతా బరువులోనే ఉంది. తొలి మోడల్ టన్నుకన్నా తక్కువే తూగేది. బరువు తగ్గేకొద్దీ కారును మలుపు తిప్పడం, ఆపడం సులువవుతుంది. ముందు, వెనుక చక్రాలపై బరువు దాదాపు సమానంగా పడుతుంది. ఇంజిన్ తిప్పేది వెనుక చక్రాలను. దాంతో ముందు చక్రాల పట్టు మలుపులకు బాగా ఉపయోగపడుతుంది.

మరి వేగం అక్కర్లేదా?

రేసు గెలవాలంటే కావాలి. మామూలు రోడ్డుపై మాత్రం దానికి హద్దుంది. వేగం రెట్టింపైతే గతిజ శక్తి నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేశాక కారు ఆగడానికి పట్టే దూరమూ దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే మంచి స్పోర్ట్స్ కారును ఎంచుకోవాలంటే స్పీడుతో పాటు బరువు, బ్రేకులు, స్టీరింగ్ కూడా చూడాలి.